ఏడో డిస్కు

పన్నెండో అరలో ఏడో డిస్కుకి
నారింజ దీపం వెలిగింది.
బయట స్లౌ మీద సన్నటి తుంపర,
లోపల చలిగాలి హోరు; ప్రతి మాటా అరుపే.

"లాగేముందు నంబరు పైకి చదువు,"
అంటుంది డిలిస్.
ఒకప్పుడు పక్క డిస్కు లాగేసిన చెయ్యి ఆమెది.
ఆ సంగతి తనే చెప్పింది, టీ తాగుతూ, నవ్వకుండా.

ఏడు. చదివాను. లాగాను.
అరచేతిలో ఇంకా వెచ్చగా ఉంది,
అప్పుడే ఎవరో లేచెళ్ళిన కుర్చీలా.

పోయినదాన్ని మిగతావి
తలా కాస్తా గుర్తు చేసుకుని
కొత్తదానికి చెబుతున్నాయి.
నాలుగు శాతం.
ఎవరి ఎక్స్‌రేలో, ఎవరి జీతాలో మాకు తెలీదు.

అరకి రెండు కేబుళ్ళు, రెండు దారులు.
రెండోది వదులుగా వేలాడుతోంది.
మార్చిలో నేను పెట్టిందే.
ఎన్నాళ్ళుగా ఒంటి తీగ మీద నడుస్తోందో ఇదంతా!

డిలిస్ ఏమీ అనలేదు.
క్లిక్కుమనేదాకా నొక్కింది.
లాగ్‌బుక్కులో నా పేరు రాయలేదు.

పదకొండు శాతం.