ఫొటో దిగనివాడు

మంగళవారాలు నాకు ఇక్కడ పని,
న్యూలిన్ రేవులో, చేపల వేలంశాల వెనక మేడగదిలో.
చేతులకు తెల్ల నూలు తొడుగులు,
కింద నుంచి వెలిగే బల్ల,
పెట్టెలో నిలువుగా పేర్చిన గాజుపలకలు.
వడియాల్లా ఎండిపోయాయి,
అప్పడం ఎత్తినట్టు ఎత్తాలి.

ఈ పలక దోసపాదు మీంచి వచ్చింది.
అవును, దోసపాదే.
తీసినాయన పోయాక ఎవరో
పనికిరాని గాజని తోటకి పట్టుకెళ్ళి
చలికి మొలకల మీద కప్పారట.
ఎన్ని ఎండాకాలాలో తెలీదు,
ఎడమ మూలంతా సూర్యుడు నాకేశాడు.
కొండ మీది ఇళ్ళు ఉండాల్సిన చోట వట్టి గాజు,
అందులోంచి నా బొటనవేలు.

నెగెటివ్ కదా,
ఆకాశం కాటుక,
తారు పూసిన పడవలు సున్నం కొట్టినట్టు,
మెట్ల మీద తెల్లవాళ్ళంతా
నా రంగులో ఉన్నారు.
కాసేపు అలాగే చూసుకున్నాను, నాకు నచ్చి.
తర్వాత దీపం ఆర్పి, కింద నల్లగుడ్డ పరిస్తే
ఎవరి రంగు వాళ్ళకొచ్చింది.

మందులకొట్టు జోసయా ట్రెగర్థెన్
దగ్గుమందు బాకీల మధ్య రాసుకున్నాడు:
"బుధవారం. పోటు. గాలి లేదు.
ఎనిమిది సెకన్లు. పిల్లాడు కదిలాడు. చెడింది."

ఎనిమిది సెకన్లు కదలనిదే ఇందులో ఉంది.
రాతికట్ట, ఉప్పు పీపాలు, తాళ్ళ చుట్టలు,
పొగలేని పొగగొట్టాలు.
సముద్రం నిలబడే రకం కాదు కనక
పలచటి గంజిలా మిగిలింది.
తెరచాప కొయ్యలు ఒక్కోటీ మూడేసి.
కుక్కకి రెండు తలలు, తోక లేదు.
బేరమాడుతున్న మగాళ్ళు నడుం దాకానే ఉన్నారు,
ఆ పైన ఆవిరి.

ఒక్కతే పూర్తిగా ఉంది.
వీపున చేపల బుట్ట, దాని పట్టీ నుదుటికి బిగించి,
మెడ నరాలు లెక్కపెట్టొచ్చు.
కెజియా పెంబర్తీ, అని అట్ట మీద పెన్సిలు రాత.
పెంబర్తి! పైకే నవ్వేశాను.
ఇత్తడి మీద సుత్తి చప్పుళ్ళ ఊరు మాకొకటుంది,
ఈమెకదే ఇంటిపేరు.
నవ్వాగాక కనపడింది,
ఆమెను కదలకుండా పట్టుకున్నది ఓపిక కాదు,
బుట్ట.
అంత బరువు కింద ఎవరైనా స్పష్టంగానే పడతారు.

ఆమె కుడిచేతి కింద, మోకాలికి కాస్త పైన,
ఒక మరక.
తడిచేత్తో బలపం రాత తుడిచినట్టు.
తలెక్కడో, కాళ్ళెక్కడో.
వేళ్ళు మాత్రం నాలుగు,
ఆమె గుప్పిట్లో, గోళ్ళతో సహా.
పట్టుకున్న మేరకే నిలిచాడు.

మా భాషలో ఫొటో దిగుతాం,
ఓడ దిగినట్టు,
నూతిలోకి దిగినట్టు.
ఆ బుధవారం ఈ రేవులో
రాళ్ళు దిగాయి, పీపాలు దిగాయి, కెజియా దిగింది.
వీడు దిగలేదు.
ఏ పక్షి వెంటో తల తిప్పి, ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

"పెంబర్తీలు ఆ ఏడు ఇద్దరు పిల్లల్ని పూడ్చారు,
చర్చి పుస్తకం తీయనా?" అన్నారు నాన్స్‌గారు.
వద్దన్నాను.
ఆయన టీ పెట్టడానికి వెళ్ళారు.

ఫారంలో ఒక గడి: చిత్రంలోని మనుషులు, సంఖ్య.
ముఖం కనపడితేనే లెక్క, అదీ రూలు.
కింద ఐసు లారీ వెనక్కి వస్తూ కూస్తోంది.
రాశాను:
స్త్రీ ఒకరు. వేళ్ళు నాలుగు.

నాన్స్‌గారు చదివి,
కళ్ళద్దాలు తీసి స్వెటరుకి తుడుచుకుని,
మళ్ళీ చదివి,
కొట్టేయలేదు.