ఎరుపు లెక్కలోకి రాదు

సోమవారం గుచ్చాను. ఇవాళ గురువారం.
సూది మొనకి బుడగలా లేచిన తోలు
ఆ పూటే అణిగిపోయింది.
చుట్టూ నేను గీసిన పెన్ను గీత మాత్రం
సబ్బుకి సగం, సముద్రానికి సగం పోగా
చోడిపల్లి వెన్నెల ముంజేతి మీద ఇంకా ఉంది.
చెరిగినంత మేరా తనే దిద్దుకుందట,
బడి పెన్నుతో. అందుకే సగం నీలం, సగం ఆకుపచ్చ.

"పసుపు రాసేద్దునే,
నువ్వొద్దన్నావని ఒగ్గేసినాను" అంది
నాయనమ్మ కాసులమ్మ.

పిల్లని కిటికీ వైపు తిప్పి కూర్చోబెట్టాను.
హార్బర్ గాలి, ఎండుచేపలు, డీజిలు,
రోజూ తుడిచినా కిటికీ ఊచల మీద బొగ్గు నుసి.
చేతి మీద రూపాయి బిళ్ళంత ఎరుపు.
"అమ్మో, ఎంత ఎర్రగా ఉందో!"
ఎరుపు లెక్కలోకి రాదమ్మా.
ఇక్కడ కంటి మాట చెల్లదు,
వేలికి తగిలిందే లెక్క.

కళ్ళు మూసుకుంటాను, అలవాటు.
కరెంటు పోయిన ఇంట్లో గడప వెతికినట్టు
చూపుడువేలు నడుస్తుంది.
మెత్తన, మెత్తన, ఇంకా మెత్తన,
ఇదిగో గట్టు.
అటునుంచి పెన్ను తోసుకొస్తే ఆగిన చోట చుక్క.
ఇటునుంచి తోస్తే ఆగిన చోట ఇంకో చుక్క.
చేతికి అడ్డంగానే కొలవాలి.
నిలువుగా కొలిచినందుకు మా హెడ్ సిస్టర్
ఒకసారి అదే స్కేలుతో నా వేళ్ళ మీద కొట్టింది.

పద్నాలుగు మిల్లీమీటర్లు.
పక్కపక్కన పెట్టిన రెండు కందిగింజలు.

ఒకటే గది, ఒకటే ఫ్యాను, ఒకటే దోమతెర.
పిల్ల మొహానికి మొహం ఆనించి
ఎల్లాజీ రాత్రుళ్ళు సొరచేప కథ చెప్పేవాడు.
ఆ ఊపిరిలోనే వచ్చి ఉంటుంది.
పోయిన నెల తన కఫం రిపోర్టు విన్నాక
మనిషి ఇల్లు వదిలి బోటులో పడుకుంటున్నాడు.

వెన్నెలకి దగ్గు లేదు, జ్వరం లేదు,
బరువు అరకిలో పెరిగింది కూడా.
ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు నల్లగా, శుభ్రంగా.
ఈ పేటలో నలుపు మంచిదయ్యేది ఆ ఫిల్ములోనే.

"అయితే మా గుంటకి రోగం ఉందేటి, నేదేటి?"

కాగితం మీద గుప్త క్షయ అని ఉంది.
గుప్త అంటే కాసులమ్మకి
కొండ మీద తవ్విన నిధులే తెలుసు.
మే నెల. కిటికీలోంచి వేట నిషేధం కనపడుతోంది,
వరసగా కట్టేసిన బోట్లు.
అదిగో, అలాగమ్మా, అన్నాను.
ఇంజను ఆగింది, వల మడతపెట్టి ఉంది,
లోపల ఉంది గానీ వేటకి పోవడం లేదు.

"మరి దానికి నిషేధం ఎవరు ఎత్తేస్తారు?"
అడిగింది వెన్నెల.

అదే ఎవరికీ తెలీదు.
అందుకే ఆరు నెలలు మాత్రలు,
అది కదలకముందే బోటు పగలగొట్టెయ్యడానికి.
కాసులమ్మ మొహం మాడిపోయింది.
పోలిక తప్పింది.
బోటు వాళ్ళకి అన్నం.
మాటలు వెతుక్కుంటూ స్కేలు తుడిచాను,
తుడిచిందే మళ్ళీ తుడిచాను.

ఈలోగా పిల్ల నా చెయ్యి లాక్కుంది.
నాలాగే కళ్ళు మూసుకుని
చిన్న వేలితో నడిచింది,
మణికట్టు దగ్గర్నుంచి మోచేతి దాకా.
ఇరవై రెండేళ్ళ కిందట, నర్సింగు మొదటేడు,
అక్కడే పద్దెనిమిది.
అప్పట్లో మాకెవరూ మాత్రలివ్వలేదు.
గట్టు వారం తిరక్కుండా కరిగిపోయింది,
లోపలిది ఏమైందో నన్నెవరూ అడగలేదు.

"నీకేటీ నేదు" అని తేల్చేసింది వెన్నెల.

కార్డు మీద పద్నాలుగు వేశాను.
సిరా ఆరడానికి ఊదబోయి
ఆగిపోయాను.