మూత పక్కనించి

మే నెల రాయగడలో ఇరవై డిగ్రీలు ఎక్కడ దొరుకుతాయి?
డబ్బా మీద మాత్రం అలాగే రాసి ఉంది,
చీమతలకాయంత అక్షరాల్లో.
రాసినవాడి కిటికీ అవతల మంచు పడుతూ ఉండుంటుంది.

కాగితం మిల్లు ల్యాబులో నాది గుజ్జు పరీక్ష.
రోజంతా చిక్కదనాలు కొలిచే చేతులు
ఇంటికొచ్చి ఊరికే ఉండలేక
బకెట్టు, మూత, వంకీ గొట్టం, ఈస్టు పొట్లం
కొరియర్లో తెప్పించుకున్నాయి.
బీరు నేను తాగను.
తాగనంటే, అప్పటికింకా తాగలేదు.
ఏటవుతుందో చూద్దామనిపించింది, అంతే.

మొదటి పాఠం కడగడం.
గరిటె కడుగు, గరిటె పెట్టిన పళ్ళెం కడుగు,
పళ్ళెం ముట్టుకున్న చెయ్యి కడుగు.
మా నాయనమ్మ మడి
బీరు మడి ముందు ఏపాటి!

డబ్బాలో సారం తాటిబెల్లం పాకంలా నల్లగా,
పాకం కన్నా బద్ధకంగా.
వేణ్ణీళ్ళలో నిలబెడితే గానీ కదల్లేదు.
కలిపి, చల్లార్చి, ఈస్టు జల్లి, మూత నొక్కి
తడి గోనెపట్టా చుట్టి
స్టాండు ఫ్యాను దాని వైపు తిప్పాను.
ఆ రాత్రి డ్యూటీ దిగొచ్చిన మా ఆయన చెమటలో పడుకున్నారు,
బకెట్టు గాలిలో పడుకుంది.

ఇక బుడగలు రావాలి.
గొట్టంలో నీళ్ళు గుడగుడమనాలి.
ఒక రోజు. రెండు. మూడోరోజు పొద్దున్న
పళ్ళు తోముకోకుండానే వచ్చి చూశాను.
నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి,
పైన ఒక దోమ చచ్చి తేలుతోంది.
ఈస్టు బస్సు డిక్కీలోనే మాడి చచ్చిందనుకున్నాను.
"పారబోసెయ్" అన్నారాయన, చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

అడ్డాకుల కట్ట దించడానికొచ్చిన జమిరి వడకా
బకెట్టు పక్కన గొంతుక్కూర్చుంది.
గొట్టం వైపు చూడనేలేదు.
వేలు నోట్లో పెట్టి తడిచేసుకుని
మూత అంచు చుట్టూ మెల్లగా తిప్పి, ఒకచోట ఆగింది.
"గొట్టంకేసి ఏటి సూస్తన్నావమ్మా?
ఊపిరి ఇటునించి తీస్తంది."
నా వేలు పట్టి అక్కడ పెట్టింది.
చల్లగా, చీమ ఊదినట్టు, గాలి.

హైడ్రోమీటరు ముంచాను.
వెయ్యిన్నీ నలభై దగ్గర మొదలైంది
వెయ్యిన్నీ పధ్నాలుగు.
మూడురోజులూ నేను కాపలా కాసింది
ఎవరూ రాని గుమ్మానికి.

"ఇంత సామానేటి దీనికి!" అని నవ్వింది జమిరి.
"మా జీలుగు సెట్టుకి కుండ కడతాం.
దానికి కాగితం రాదు."

పాత సామాన్ల లోకనాథ్ సాహు దగ్గర
సీసా రెండు రూపాయల చొప్పున ముప్పై.
సీసాకో చెంచాడు పంచదార.
మధ్యలో ఫోను మోగింది,
ఒక సీసాకి రెండుసార్లు పడినట్టుంది.
ఆరోనాటి అర్ధరాత్రి అది పేలింది.
గూడ్సు గార్డు కదా,
పట్టా మీద డిటోనేటరనుకుని
మా ఆయన లేచి ఎర్రజెండా కోసం తడిమారు.
గోడ మీద నురగ, మంచం కింద గాజు,
ఇద్దరం చీపురు పట్టుకుని ఒకటే నవ్వు.
నవ్వి ఎన్నాళ్ళయిందో లెక్క చూసుకోలేదు.

మిగిలిన ఇరవైతొమ్మిదిలో మొదటిది
స్టీలు గ్లాసుల్లో, ముగ్గురికి.
ఆయన "ఊఁ" అన్నారు.
జమిరి మొహం ముడిచి, "కషాయంలాగుంది" అంది,
గ్లాసు మళ్ళీ చాపింది.
నాకు చేదు. తర్వాత గుక్క కూడా చేదే.
మూడోది, ఏమో.

రెండో డబ్బా నిన్న కలిపాను.
కొత్త మూత కొనలేదు.
గొట్టం మళ్ళీ మాట్లాడటం లేదు.
షిఫ్టు నించి వచ్చి, చెప్పులు విడిచి,
బకెట్టు పక్కన కూర్చుని
వేలు తడి చేసుకుంటాను.