కుట్టు లోపలి వైపు

బొమ్మనహళ్లి గార్మెంట్స్‌లో పదిహేడేళ్లుగా
నా పని తప్పులు పట్టడం.
చొక్కా చేతికి రాగానే ముందు తిరగేస్తాను.
బయటివైపు అందరూ బాగానే కుడతారు.
తప్పున్న చోట ఎర్ర బాణం అంటిస్తాను,
ఎవరు కుట్టారని అడగను.

పెద్దాసుపత్రి డాక్టరు ఫైలు మూసి
"ఇక నొప్పి తెలియకుండా చూసుకోండమ్మా" అన్నాక
మా అక్క గంగరత్నకు ఒక చోటు వెతకడానికి
బెంగళూరంతా తిరిగాను.
రెండు రోజుల జీతం కోత.

మొదటి చోట చేపల తొట్టి ఉంది.
మేనేజరు రంగు కాగితాలు పరిచి ప్యాకేజీలు చెప్పాడు.
"రాత్రి రెండింటికి నొప్పి లేస్తే ఎవరొస్తారు సార్?"
"దానికి సిస్టమ్ ఉందమ్మా."
ఆ సిస్టమ్‌ది ఏ ఊరు,
చెప్పులేసుకుని రావడానికి ఎంతసేపు పడుతుంది
అని అడగబోయి ఊరుకున్నాను.
చేపలు మాత్రం బాగున్నాయి.

రెండోది హెణ్ణూరు దాటాక, రెండు బస్సులు మారి.
గేటుకు తుప్పు, గోడకు చెమ్మ.
ఆఫీసులోకి పోకుండా పెరట్లోకి పోయాను,
దుప్పట్లు ఆరేసిన తీగ దగ్గరికి.
ఒకటి తిరగేశాను.
మరక పోలేదు. వాసన లేదు.
చిరిగిన చోట దగ్గర దగ్గరగా కుట్టు,
వీపుకు గుచ్చుకోకుండా ముడి కిందివైపు.
ఎవరో ఆ వీపు గురించి ఆలోచించారు.

లోపల మంచాలు లెక్కపెట్టలేదు, మడమలు చూశాను.
గోళ్లు చూశాను.
నీళ్ల గ్లాసు చేతికందే దూరంలో ఉందా,
చూడ్డానికి బాగుండే చోట ఉందా, చూశాను.
ఒక పెద్దాయనకు కుడిచెయ్యి లేవదు,
ఆయన గంట తాడు ఎడమవైపు కట్టారు.
మూల మంచం మీద ఒకామె ఎవరినో పిలిచింది.
లైన్లో అలవాటు కదా, అంకెలు లెక్కపెట్టాను.
పదకొండుకు ఒక ఆయా వచ్చింది.
నిలబడి మాట్లాడలేదు. కూర్చుంది.

సిస్టర్ పేరు లిస్సీ.
మలయాళం మీదుగా వచ్చిన కన్నడంలో
జబ్బు పేరు అడగకముందే అడిగింది,
"మీ అక్క ఏ వైపు తిరిగి పడుకుంటుంది?"

నాలుగు నెలలు, నాలుగాసుపత్రులు,
ఒక్కరూ అడగని మాట.
నాకూ తెలియదు.
పదేళ్లు ఒకే గదిలో, ఒకే చాప మీద పడుకున్నాం.
తప్పులు పట్టేదాన్ని తల దించుకున్నాను.
చేర్చిన మూడో రోజు లిస్సీయే చెప్పింది:
ఎడమవైపు, చెంప కింద చెయ్యి పెట్టుకుని.

ఇరవై మూడు రోజులుంది అక్క.
ఒక మధ్యాహ్నం సంగటి కావాలంది.
వంటాయన ముద్దె అన్నాడు, అక్క కాదు సంగటి అంది,
ఆ వాదులాటలో కాస్త నవ్వింది కూడా.
గోరంత నాలుక మీద పెట్టుకుని, చాలంది.

ఒక రాత్రి నొప్పిమందు నలభై నిమిషాలు ఆలస్యమైంది.
అక్క దిండు కొరికింది.
నేను వార్డంతా లేచేలా అరిచాను.
లిస్సీ బదులు చెప్పలేదు.
మందిచ్చి, అక్క కళ్లు వాలేదాకా ఉండి,
రిజిస్టరు తెచ్చి నా ముందే రాసింది:
నలభై నిమిషాలు. పొరపాటు నాది.
కింద సంతకం.
తన చొక్కాకు తానే ఎర్ర బాణం అంటించుకునే మనిషిని
ఈ పదిహేడేళ్లలో చూడలేదు.
ఆ నలభై నిమిషాలను ఇప్పటికీ క్షమించలేదు నేను.
ఆ సంతకాన్నీ మరవలేదు.

అంతా అయ్యాక ఒక ఫారం ఇచ్చారు,
శుభ్రత, భోజనం, ప్రవర్తన,
ఒకటి నుంచి ఐదు దాకా గళ్లు.
ఏ వైపు పడుకుంటుందన్న దానికి గడి లేదు.
పెన్నుకు మూత పెట్టి ఇచ్చేశాను.

ఇంటికొచ్చి అక్క సంచి విప్పితే
నీలం నైటీ, ఉతికి మడతపెట్టి.
ఎప్పుడో ఊడిపోయిన రెండో గుండీ
ఎవరో కుట్టారు.
అక్క చూసుకుందో లేదో.

దారం తెల్లది, రంగు కలవలేదు.
మా లైన్లో అయితే వెనక్కి పోయేదే.
తిరగేశాను.
గుండీ పట్టుకుని లాగాను.
ఇంకోసారి లాగాను.

పాస్.