వాటం

డోన్‌లో మా మిద్దె నీళ్లన్నీ
సుంకులమ్మ గోడకే కొడుతుండె.
మూడేళ్ల తగువు.
ఆ మూడేళ్లలో కురిసింది నాలుగు వానలు.

ఉసేనప్ప నల్లటి ముడతల పైపు తెచ్చి
హార్మోనియం తిత్తిలా సాగదీసినాడు.
నాపరాళ్లు లేపి, గడ్డపారతో
సుద్దమన్ను దాకా తవ్వినాడు.
వాటం చూడ్డానికి
మనవడి జేబులోని గోలీ కాలువలో వదిలినాడు.
సగం దూరం పోయి ఆగింది.
"ఇంకా రెండు వేళ్లు దిగాల."

పూడ్చేముందు ఒకసారి చూడాల గదా,
మబ్బేమో లేదు.
ట్యాంకరు నీళ్లు రెండు బిందెలు
మిద్దెక్కించి గొట్టంలో పోసినా.
లోపలెక్కడో గుటకలేసుకుంటా పోయి
దానిమ్మ చెట్టు కాడ బయటపడినాయి.

అప్పటికే అక్కడ
బకెట్ పెట్టుకొని కూచోనుంది సుంకులమ్మ.

మన్ను తేరితే
బర్రెకు పనికొస్తాయంట.