మొవ్వ

బహ్లా ఊరవతల, రోడ్డు వెడల్పు చేస్తమని
పదకొండు చెట్లకు ఎర్రరంగు నంబర్లేసి పోయిండ్రు.
ఏడో నంబరు నఘల్ ఖర్జూరం.
సాలిం వాళ్ళక్క జయానా పుట్టిన ఏడు నాటిందట.
ఇప్పుడామె చేతికర్ర ఒళ్ళె పెట్టుకొని
ఫలజ్ కాలువ గట్టు మీద కూసున్నది.
చెట్టు దిక్కు చూస్తలేదు. నీళ్ళ దిక్కే చూస్తున్నది.

నాది గీతపని చేసిన చెయ్యి.
ఈతచెట్టు మెడకాయ కాడ, మొవ్వ కింద,
గోరంత మందం చెక్కి కల్లు దింపిన చెయ్యి.
రోజూ మొవ్వ పక్కనే కత్తి ఆడించి
ఒక్కనాడు మొవ్వను తాకని చెయ్యి.
"మట్టలు నరికితె చెట్టు ఓర్సుకుంటది గని కొమరయ్యా,
మొవ్వ ముట్టినవో, నీ బువ్వ ముట్టినట్టే"
అనేటోడు తాత, లొట్టి కడుక్కుంట.

ఇయ్యాల సాలిం నన్నే పిలిచిండు.
"జుమ్మార్ నువ్వే తియ్యి.
మిషనోళ్ళ చేతుల పడితే నుజ్జయితది."

చెట్టు పడ్డది.
దుమ్ము అణిగేదాక ఎవ్వరం మాట్లాడలే.
పీచు వలిచిన, పొర మీద పొర.
లోపల తెల్లగ, తడిగ,
ఎండ మొకం ఎరగని ఆకులు
ఒకదాని కడుపుల ఒకటి ముడుచుకొని ఉన్నయి.
వచ్చే ఏటి మట్టలు, ఆ మీదేటివి, దాని మీదేటివి.
ముండ్లు సుత తయారైనయి, ఇంక మెత్తగ,
వేలికి గుచ్చుకునుడు తెల్వక.
నా అగ్రిమెంటు ఇంక పద్నాలుగు నెలలు.
చెట్టు నాకంటే ఎక్కువే రాసుకున్నది.

తుఫజ్జల్ తన ముక్కకు ఉప్పద్దుకున్నడు.
సాలిం నిలబడే తిన్నడు.
జయానాకు పండ్లు లేవు.
ఆమె కోసం కత్తి పలుచగ ఆడించిన,
గోరంత మందం, పాత లెక్కనే.
నేను తిననన్న.
ఆమె వినలేదు, నా అరచేతుల ఒక చెక్క పెట్టి
వేళ్ళు మూసింది.

ముందుగాల పచ్చికొబ్బరి.
ఆఖరుకు నాలుక కొసన చిన్న వగరు,
తెల్లారుజాము లొట్టి అడుగున ఉండే వగరు.

"మీ దిక్కు దీన్నేమంటరు?" అడిగింది.
"మొవ్వ."
"మువ్వ," అన్నది.
మల్లొకసారి అన్నది, తనకు తానే, "మువ్వ."
తప్పని చెప్పబుద్ధి కాలే.

మిషను ఎనిమిదో నంబరు దిక్కు మర్లింది.