నూరుకు పైన

బల్లార్షా బొగ్గుగని దవాఖానలో
మందుల స్టోరుకు దుప్పట్లు వేలాడగట్టి చేసిన గది.
హెడ్‌ఫోను తొడిగి, చేతికి బటనిచ్చి
"ఇనవడితె ఒత్తున్రి, లేకుంటె ఊకోన్రి" అంటాను
తెలుగులో, మరాఠీలో, వచ్చిన కాస్త గోండిలో.

నూట పన్నెండు మంది.
రెండు వందల ఇరవై నాలుగు చెవులని రాస్తే
నాగపూర్ నుంచి మా సారు ఫోన్లో కసిరాడు:
"మనుషుల్ని లెక్కపెట్టు.
ఒకే తలకు అటూ ఇటూ ఉన్నవి
రెండు సాక్ష్యాలు కావు."

వయసు తీసేశాను.
యాభై రెండేళ్లకు ఇంత పోవడం మామూలేనని
పట్టిక చెప్పిన మేరకు గనికి మాఫీ.
(ఆ పట్టిక ఏ నెమ్మది ఊళ్లో,
ఎవరి చెవులతో కట్టారో.)
మిగిలింది గీస్తే
నాలుగు వేల దగ్గర అందరికీ ఒకటే గుంత,
వర్ధా ఒడ్డున పొక్లెయిన్ తవ్వినట్టు.
స, శ, ష అందులో పడిపోతాయి.
గట్టయ్య పెళ్లాం సరూప
ఎవరు పిలిచినా అతనికి ఇప్పుడు అరూప.

డ్రిల్లు ఓదెలు మాత్రం
నేనేమీ పంపకముందే ఒత్తాడు.
ఉత్తినే ఊరుకున్న పదిసార్లలో ఏడుసార్లు.
నమ్మలేని వరుస, కొట్టెయ్యమంటుంది పద్ధతి.
"లేని సప్పుడు ఎట్లిన్నవు కాకా?"
"మీకు లేదు మేడం.
నాకు పొద్దంత, రాత్రంత కీచురాయి కూస్తనే ఉంటది.
ఏది మీదో, ఏది నాదో."

క్రషర్ కింద బొగ్గుపొడి ఊడ్చే పోశక్కకు
నూరు దాకా పెంచాను. మిషన్ అంతకు మించి అరవదు.
బటన్ మీద బొటనవేలు అట్లాగే ఉంచి
నా పెదాలు చూస్తూ కూర్చుంది.

గడిలో నూరని రాస్తే అబద్ధం.
ఖాళీ వదిలితే సగటులోంచి ఆమె జారిపోతుంది,
ఆ మేరకు గని ఆరోగ్యం మెరుగుపడుతుంది.
ఎంత పైనో తెలియదని ఒప్పుకోవడానికీ
ఒక గుర్తుంది మా దగ్గర:
గీత చివర కిందికి దిగే చిన్న బాణం.
నూరుకు పైన, అని రాశాను.

ఓదెలును కొట్టెయ్యలేదు.
పక్కన కొత్త గడి గీసి 'సొంత సప్పుడు' అని పేరు పెట్టాను.
పిలిచి ఒక్కొక్కరినే అడిగితే
ఇప్పటికి ముప్పై ఎనిమిది.
ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదట.

రెండింటికి బ్లాస్టింగు సైరన్.
పైకప్పు నుంచి సున్నం రాలి కాగితాల మీద పడింది.
నూట పదమూడో మనిషి గుమ్మంలో నిలబడ్డాడు.
కూర్చోమని సైగ చేశాను,
ఆ మోత ఆగేదాకా.